పొగ రాని సర్క్యూట్లు

మా ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పిచ్చి మూడో తరానికి దిగింది. మొదటి తరం నేను. రెండో తరం బ్యాంకు ఉద్యోగంలో పడి సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. మూడోది మా మనవడు, ఇంజనీరింగులో ఈసీఈ వెలగబెడుతున్నాడు. వాడికి లాప్‌టాప్ ఉంది, నెట్ ఉంది, భూమ్మీదున్న డేటాషీట్లన్నీ ఫోన్లో ఉన్నాయి. లేనిదల్లా సర్క్యూట్ ఒక్కటే. అది ఏ సాఫ్ట్‌వేర్‌లో గియ్యాలో ఇంకా తేలలేదు మరి.

“తాతా, ఎల్‌టీస్పైస్ మంచిదంటారు గానీ చూడ్డానికి మరీ పాతకాలంది. మల్టీసిమ్ బాగుంటుంది, డబ్బు కట్టాలి. ప్రోటియస్‌లో అయితే మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాం కూడా నడిపి చూడొచ్చు, దానికీ డబ్బే. కీక్యాడ్ ఊరికే వస్తుంది. ఈజీఈడీఏ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. టింకర్‌క్యాడ్ చిన్నపిల్లల యవ్వారం. ఏది వేసుకోమంటావు?”

వినాయక చవితికి ముందు మొదలైన ప్రశ్న ఇది. దసరా వెళ్ళింది, పైడితల్లమ్మ సిరిమాను తిరిగింది, సంక్రాంతి కూడా దాటింది. ఒక్క ఎల్ఈడీ వెలగలేదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ మీద ఎవరెవరో చేసిన వీడియోలు చూస్తాడు, పోలికల పట్టిక రాసుకుంటాడు, దించుకుంటాడు, తీసేస్తాడు. అభిరుచి అంటే సర్క్యూట్ కట్టడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడమే అభిరుచి అయిపోయింది.

మా రోజుల్లో ఎంచుకోవడమన్న బాధ లేదు. ఆ పని కొట్టువాడు చేసిపెట్టేవాడు.

1970లలో మా వైపు ఒక ట్రాన్సిస్టర్ కొనడమంటే చిన్న సంగతి కాదు. అప్పటికి విజయనగరం జిల్లాయే పుట్టలేదు, అది 1979లో కదా వచ్చింది. రేడియో రిపేరు కొట్లే మాకు గతి. విజయనగరంలో గంటస్తంభం వైపు ఒకటీ అరా, శ్రీకాకుళంలో ఒకటీ అరా. వాళ్ళ దగ్గర దొరికేవి రేడియోల్లో తరచుగా పోయే భాగాలు మాత్రమే. వేరేవి కావాలంటే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి పోయి, పాసింజరెక్కి విశాఖపట్నం వెళ్ళాలి. అక్కడా లేకపోతే హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, కాదంటే మద్రాసులో రిచీ స్ట్రీటు. అంత దూరం మనం పోలేం గనక ఉత్తరం రాసి, డబ్బు కట్టి విడిపించుకునే వీపీపీ పార్సెల్ కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూడ్డం.

బీసీ107 అడిగితే కొట్టువాడు బీసీ148 చేతిలో పెట్టేవాడు. “అదీ బీసీయే, ఇదీ బీసీయే. ఏటవుతాది బాబూ, అట్టుకెళ్ళు” అనేవాడు. ఏమవుతుందో మేమే తేల్చుకోవాలి. బీసీ107 కలెక్టర్ మీద 45 ఓల్టులు ఓర్చుకుంటుంది, బీసీ148 20 దగ్గరే చేతులెత్తేస్తుంది. టవర్స్ అనే ఆయన దేశదేశాల ట్రాన్సిస్టర్ల గుణాలు వరసలు కట్టి వేసిన పుస్తకం ఒకటుండేది. దాన్ని ముందేసుకుని, మన సర్క్యూట్‌లో ఆ చోట ఎంత ఓల్టేజీ పడుతుందో కాయితం మీద లెక్కగట్టి, పర్వాలేదనిపిస్తేనే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించేవాళ్ళం.

ఎందుకంత జాగ్రత్త అంటే, కాలిపోతే మళ్ళీ రైలెక్కాలి. ట్రాన్సిస్టర్ ఖరీదు కంటే దాన్ని తెచ్చుకునే ఖర్చు ఎక్కువ. అందుకని స్విచ్ వెయ్యకముందే జవాబు మాకు తెలిసి ఉండాలి. కలెక్టర్ దగ్గర నాలుగున్నర ఓల్టులు అటూ ఇటూగా ఉండాలి, కరెంటు రెండు మిల్లీ ఆంపియర్లు దాటకూడదు, ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉంటే ఉండొచ్చు గానీ చెయ్యి కాలకూడదు. ఇవన్నీ కాయితం మీద రాసుకుని, ఊపిరి బిగబట్టి స్విచ్ వేసి మీటరు ముల్లు వైపు చూడ్డం. ముల్లు మన అంకెకి దూరంగా ఊగితే తక్షణం ఆపెయ్యాలి. ఆలస్యమైతే పొగ.

నాకీ విద్య నేర్పిన రేడియో మెకానిక్ అయిదో తరగతి దాటలేదు. సర్క్యూట్ బొమ్మ చూసేవాడు కాదు. మూగబోయిన ట్రాన్సిస్టర్ సెట్టు వెనక మూత తీసి, “ఏట్రా గుంటడా, మీటరెందుకు? ఏలెట్టి సూడు. బుర్రుమందా, అక్కణ్ణించి ఇటేపు బతికే ఉన్నాది. అన్లేదా, సచ్చిపోనాదన్నమాట” అనేవాడు. వాల్యూం కంట్రోల్ మధ్య కాలు మీద వేలు పెడితే, ఇంట్లో తిరుగుతున్న 50 సైకిళ్ళ కరెంటు గాలిలోంచి మన ఒంట్లోకి ఎక్కి, అక్కణ్ణించి ఆంప్లిఫయర్లోకి పోయి స్పీకర్లో బుర్రుమంటుంది. సిగ్నల్ జనరేటర్ అక్కర్లేదు, మన ఒళ్ళే జనరేటర్. ఇది బ్యాటరీ సెట్టుల్లోనే సుమా. వాల్వు రేడియోల్లో 250 ఓల్టులుంటాయి, అక్కడ వేలు పెడితే చచ్చిపోయేది రేడియో కాదు.

సరే, మా మనవడి దగ్గరికొద్దాం. ఎల్‌టీస్పైస్‌ని పట్టుకుని వాడు ‘పాతకాలంది’ అన్నాడు చూశారా, ఆ మాట మాత్రం నిజం. వాడు అనుకున్నదానికంటే నిజం.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో 1960ల చివర రాన్ రోరర్ అనే పంతులుగారు తన తరగతి పిల్లల చేత సర్క్యూట్ లెక్కలు చేసే ప్రోగ్రాం ఒకటి రాయించారు. ఆ పిల్లల్లో లారీ నేగెల్ అనే అతను దాన్ని పెంచి, డొనాల్డ్ పెడర్సన్ అనే ఇంకో ప్రొఫెసర్ దగ్గర స్పైస్ అన్న పేరుతో తయారుచేశాడు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో అది బయటికొచ్చింది, 1975కి రెండో రూపం దాల్చింది. పెడర్సన్ గారు దాన్ని అమ్ముకోలేదు. మాగ్నెటిక్ టేపు ఖర్చులిస్తే చాలు, అడిగినవాళ్ళందరికీ పంచిపెట్టారు. ఇవాళ ఎల్‌టీస్పైస్, పీస్పైస్, ఎన్‌జీస్పైస్, మల్టీసిమ్, ప్రోటియస్, పైన ఏ రంగు వేసుకున్నా లోపల తిరిగేది ఆ స్పైస్ సంతతే. నేను విశాఖపట్నం పాసింజర్లో బీసీ107 కోసం పోతున్న రోజుల్లోనే అక్కడ ఇది తయారైంది. కాబట్టి ఒరే బాబూ, నువ్వు కొత్తదనుకుని ఎగబడుతున్నది కూడా మా రోజులదే.

ఆనాడు సర్క్యూట్‌ని చిల్లుల కార్డుల మీద ఎక్కించేవారు. ఒక్కో రెసిస్టర్‌కి ఒక్కో కార్డు. మొదటి కార్డు పేరు, ఆఖరి కార్డు ముగింపు. ఈనాటికీ స్పైస్ ఫైల్లో మొదటి వరస పేరుకే. అక్కడ పొరపాటున రెసిస్టర్ రాస్తే పేరనుకుని వదిలేస్తుంది, మనవాడు రెండ్రోజులు తల పట్టుకుని కూర్చుంటాడు. ఆ కార్డుల కట్ట కంప్యూటర్ సెంటర్లో అప్పజెప్పి, జవాబు కాయితం మీద అచ్చై వచ్చేదాకా ఆగాలి. తప్పుంటే మళ్ళీ కార్డు, మళ్ళీ వరస. అందుకని వాళ్ళూ మాలాగే ముందు చేత్తో లెక్కగట్టుకుని, జవాబు ఇంచుమించు తెలిశాకే కట్ట ఇచ్చేవారు.

ఇంకో తమాషా ఉంది. ఆ ప్రోగ్రాం లోపల చేసే పనేమిటంటే, 1845లో కిర్కాఫ్ చెప్పిన నియమాలు ప్రతి కూడలి దగ్గరా రాసుకుని, ట్రాన్సిస్టర్ల వంకర లెక్కల్ని న్యూటన్ పద్ధతిలో సాధించడం. న్యూటన్ పద్ధతి అంటే, ముందొక అంకె ఊహించడం, ఎంత తేడా వచ్చిందో చూడ్డం, దిద్దుకోవడం, తేడా వెయ్యిలో ఒక వంతుకి దిగేదాకా దిద్దుకుంటూ పోవడం. అంటే యంత్రం కూడా ముందు అంచనా వేసుకునే మొదలెడుతుంది. అంచనా లేకుండా ‘రన్’ నొక్కేది మావాడొక్కడే.

నా గోలంతా ఇదే. కాలిపోతే నష్టం లేదు గనక ఎవడూ ముందు ఆలోచించడు. రెసిస్టర్ ఒక కిలో ఓమ్ పెట్టి నొక్కు, పని చెయ్యలేదా, పది పెట్టి నొక్కు, అదీ కాదా, వంద. ఎప్పుడో తెర మీద గీత అందంగా వస్తుంది. ఎందుకొచ్చిందో తెలీదు. దాన్నే డిజైన్ అంటారు.

మీరు ముసలాడి చాదస్తం అనుకోవచ్చు. ప్రపంచంలో కుర్రకారు ఎక్కువగా వాడే చిప్పు ఏదంటే 555 టైమర్ అంటారు. దాన్ని 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అనే ఒక్కడు బల్ల మీద విడి ట్రాన్సిస్టర్లతో కట్టి చూసి, చిప్పు లోపలి పటాన్ని చేత్తో కత్తిరించి తయారుచేశాడు. అప్పటికి స్పైస్ ఇంకా లోకంలోకి రాలేదు. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీలో బాబ్ పీజ్ అని గడ్డం పెద్దాయన ఉండేవాడు, అనలాగ్ విద్యలో మహా ఘనుడు. సిమ్యులేషన్‌ని నమ్మి మోసపోకండని పత్రికల్లో ఏళ్ళ తరబడి రాశాడు. ఓసారి కంప్యూటర్‌ని పార్కింగ్ మేడ పైనుంచి కిందికి విసిరేశాడు కూడా. నేనంత దూరం పోను, మా ఇంట్లో లాప్‌టాప్ ఈఎంఐ ఇంకా తీరలేదు.

ఇక సిమ్యులేటర్‌కి తెలియనివి చెప్తాను వినండి.

దానికి మా ఎండ తెలీదు. మనం వేరే చెప్పకపోతే స్పైస్ లోకమంతా 27 డిగ్రీలే. మాకు 27 డిగ్రీలంటే పుష్యమాసం మధ్యాహ్నం. మే నెలలో రేకుల షెడ్డులో డబ్బా లోపల ఎంతుంటుందో ఆ డబ్బా మీద చెయ్యి వేసినవాడికే తెలుసు.

దానికి మా కరెంటు తెలీదు. 230 అని రాస్తే 230 ఇస్తుంది. మా రోజుల్లో సాయంత్రం మోటార్లన్నీ వేశాక మీటరు పెడితే 170 చూపించేది. మామూలు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు, ఒక కెపాసిటర్, 7812 రెగ్యులేటర్ తీసుకోండి. 12ని 1.414తో హెచ్చవేస్తే దాదాపు 17, అందులో డయోడ్ 0.7 మింగితే 16.3. రెగ్యులేటర్ 12 ఇవ్వాలంటే దానికి 14 పైన అందాలి, కాబట్టి దిట్టంగా ఉంది. ఇప్పుడు మెయిన్స్ 170కి దించండి. ఆ 16.3 కాస్తా 11.8 అవుతుంది. 12 ఇవ్వాల్సినవాడి చేతికి 11.8 వస్తే ఏమిస్తాడు? స్పీకర్లో బుర్రు. ఈ లెక్కకి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, సిగరెట్ పెట్టె వెనక చాలు. కాకపోతే 170 అన్న అంకె సాఫ్ట్‌వేర్ నీకు చెప్పదు, ఊళ్ళో బతికితే తెలుస్తుంది.

దానికి చావు తెలీదు. బీసీ547కి ఓర్పు 100 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌టీస్పైస్‌లో దానిగుండా 50 ఆంపియర్లు పంపించండి, కిక్కురుమనదు, గీత నున్నగా గీసిస్తుంది. టింకర్‌క్యాడ్ నయం, ఎల్ఈడీకి రెసిస్టర్ పెట్టకపోతే పేలినట్టు బొమ్మ చూపిస్తుంది. మావాడు దాన్నేమో చిన్నపిల్లలదంటాడు. 

అన్నిటికంటే పెద్ద తమాషా రెండు ట్రాన్సిస్టర్ల ఫ్లాషర్. ఈ పిచ్చిలో పడ్డ ప్రతివాడూ మొదట కట్టేది అదే. అటొక ట్రాన్సిస్టర్, ఇటొక ట్రాన్సిస్టర్, ఒకటి వెలిగితే ఒకటి ఆరుతుంది. చవితి పందిట్లో వినాయకుడి కళ్ళకి పెట్టేవాళ్ళం. దీన్ని సిమ్యులేటర్లో గీసి నొక్కితే చాలాసార్లు కదలదు. రెండు వైపులా అచ్చంగా సమానం గనక ఎవరు ముందో తేలక రెండూ సగంలో బిగుసుకుపోతాయి. ఒకవైపు కెపాసిటర్లో మొదటే కాస్త ఓల్టేజీ ఉందని మనం చెప్పి తోస్తే గానీ నడవదు. బల్ల మీద ఈ బాధే లేదు. ఒకే పొట్లంలోంచి తీసిన రెండు బీసీ547లు కూడా ఒక్కలా ఉండవు. వాటి గెయిన్ 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చు, అందుకే ఏ, బీ, సీ అని మూడు రకాలుగా వేరుచేసి అమ్ముతారు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద రాసిన అంకెకి నూటికి ఇరవై అటూ ఇటూ ఉండటం మామూలే. భాగాలు నూటికి ఇరవై తేడాతో ఉంటే, యంత్రం వెయ్యికి ఒకటి తేడాతో జవాబు చెబుతుంది. ఆ జవాబుని మావాడు మూడు దశాంశ స్థానాలతో రికార్డులో ఎక్కిస్తాడు.

చివరికి మా మనవరాలి పుణ్యమా అని వాడొక సర్క్యూట్ కట్టాడు. ఆ పిల్ల ఇక్కడ విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్న చోటు. “అన్నయ్యా, నాకో శ్రుతి పెట్టె చేసిపెట్టరా” అంది. వీడు 555తో, చేతికందిన ఎల్‌టీస్పైస్‌లో గీసి, అయిదున్నర శ్రుతికి సరిగ్గా లెక్క కుదిర్చి, తెర మీద చూపించాడు. ముచ్చటగానే ఉంది. ఉగాదికి కట్టి ఇచ్చాడు. అప్పుడూ బాగానే పాడింది.

మే నెల వచ్చింది. పిల్ల మధ్యాహ్నం సాధనకి కూర్చుంటే శ్రుతి పైకి పాకడం మొదలెట్టింది. “అన్నయ్యా, ఇది నన్ను గాంధారం కోసం అటక ఎక్కిస్తోందిరా” అని గోల. వీడు సిమ్యులేషన్ మళ్ళీ నడిపి, అంకె మారలేదే అంటాడు. ఎందుకు మారుతుంది? అక్కడింకా 27 డిగ్రీలే, కెపాసిటరేమో మచ్చలేని కెపాసిటర్. వీడు పెట్టినది మాత్రం బజార్లో అందరూ ఇచ్చే బిళ్ళ సిరామిక్, 104 అని రాసి ఉంటుంది. ఆ రకం వేడెక్కితే కెపాసిటెన్స్ పడిపోతుంది. అది పడితే 555 వేగం పెరుగుతుంది, శ్రుతి హెచ్చుతుంది. ఫ్రీక్వెన్సీ నూటికి ఆరు పెరిగితే చాలు, ఒక స్వరస్థానం దాటిపోయినట్టే. నూటికి ఒకటి పెరిగినా సంగీతం వచ్చిన చెవి ఊరుకోదు. పాత రేడియోల్లోంచి పీకి దాచిన పాలీస్టైరీన్ కెపాసిటర్లు నా డబ్బాలో ఉన్నాయి, వేడికి పెద్దగా చలించవు. చిన్న విలువలు గనక రెసిస్టర్లు పెంచి వెయ్యమన్నాను. పిల్ల ఇప్పుడు మధ్యాహ్నం కూడా పాడుతోంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఉష్ణోగ్రత మార్చి చూడు అంటే చూపిస్తుంది. కెపాసిటర్ వేడికి ఎంత మారుతుందో రాస్తే లెక్కలోకి తీసుకుంటుంది. విలువల్ని నూటికి ఇరవై చొప్పున అటూ ఇటూ చెదరగొట్టి వందసార్లు నడిపే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. కానీ అడగాలని తోచాలి కదా. తోచేది అనుమానం ఉన్నవాడికి. అనుమానం వచ్చేది కాల్చుకున్నవాడికి.

సరే, అడిగాడు గనక ఏది వేసుకోవాలో నా తీర్పు కూడా చెప్పేశాను.

అసలు వీడు రెండు వేరు వేరు పనుల్ని ఒక పట్టికలో కలిపేశాడు. సర్క్యూట్ ఎలా నడుస్తుందో లెక్కగట్టేది ఒక రకం, రాగి గీతలు ఎటు పోవాలో బోర్డు గీసేది ఇంకో రకం. ఎల్‌టీస్పైస్ మొదటి రకం, అది బోర్డు గియ్యదు. ఈగల్, ఆల్టియం ముఖ్యంగా రెండో రకం. కీక్యాడ్ బోర్డు గీస్తుంది, 2018లో వచ్చిన అయిదో వెర్షన్ నుంచి ఎన్‌జీస్పైస్‌ని లోపల పెట్టుకుని లెక్క కూడా కడుతోంది.

ఊరికే ఇచ్చేదంటే నాకు ముందు నుంచీ అనుమానం. ఎల్‌టీస్పైస్ 1999లో లీనియర్ టెక్నాలజీ అనే చిప్పుల కంపెనీ జనానికి వదిలింది. 2017లో ఆ కంపెనీని అనలాగ్ డివైసెస్ కొనేసింది. ఎందుకూరికే ఇస్తారంటే, అందులో వాళ్ళ చిప్పుల మోడళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. వాటితో గీసినవాడు వాటినే కొంటాడు. ఇది సబబైన వ్యాపారమే, తెలిసి వాడుకుంటే నష్టం లేదు. కీక్యాడ్ సంగతి వేరు. ఫ్రాన్స్‌లో జాన్ పియేర్ షారాస్ అనే అధ్యాపకుడు 1992లో మొదలెట్టాడు, 2013 నుంచి కణాల్ని ఢీకొట్టించే సెర్న్ వాళ్ళు చెయ్యి కలిపారు. మన ఐఐటీ బొంబాయిలో ఫాసీ అనే పథకం వాళ్ళు కీక్యాడ్‌నీ ఎన్‌జీస్పైస్‌నీ ఒక చోట కట్టి ఈసిమ్ అని ఇస్తున్నారు. ఫోన్లో వేసేది కాదు లెండి. మన పన్నుల డబ్బుతో చేసింది, పైసా అడగదు. మా రోజుల్లో ఇంజనీరింగంటే వాల్తేరో కాకినాడో పోవాలి. ఇప్పుడు రాజాం, టెక్కలి, చింతలవలస, ఎచ్చెర్ల, ఎటు చూసినా కాలేజీయే. ఆ పిల్లలందరికీ ఇలాంటిది చాలు. లక్షల ఖరీదు చేసే సరుకుని దొంగ సీడీలో తెచ్చుకోవాల్సిన అగత్యం ఇప్పుడు లేదు.

ఊరికే వస్తుందన్నది ఒక్కటే కారణం కాదు. జర్మనీలో 1988లో పుట్టిన ఈగల్‌ని ప్రపంచమంతా కుర్రాళ్ళు వాడారు. 2016లో దాన్ని ఆటోడెస్క్ కొన్నది, మర్నాడే అన్నట్టు 2017లో నెల అద్దెకి మార్చింది, 2026 జూన్ 7తో మూసేస్తామని 2023లో చాటింపు వేసింది. ఏళ్ళ తరబడి గీసుకున్నవాళ్ళు ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని వేరే గూడు వెతుక్కోవాలి. నా దగ్గర 1970ల నాటి ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ సంచికలు దారంతో కుట్టి ఉన్నాయి. చెదలు నాలుగు మూలలు తిన్నా సర్క్యూట్లు ఇప్పటికీ తెరుచుకుంటాయి, పాస్‌వర్డ్ అడగవు. కీక్యాడ్ ఫైలైనా, స్పైస్ ఫైలైనా మామూలు అక్షరాల్లో ఉంటుంది. రేపు ఆ ప్రోగ్రామే లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. ఆ గుణం ఉన్నదే వేసుకోమన్నాను.

నెట్ ఉంటేనే తెరుచుకునేవాటిని నమ్ముకోవద్దని కూడా చెప్పాను. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటాక ఉద్దానంలో ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నారో అడగండి. అలాంటప్పుడు ఇంకెక్కడో దూరదేశంలో దాచిన సర్క్యూట్ ఎవడికి ఉపయోగం?

బోర్డుల సంగతి కూడా అనకపోతే నాకు నిద్ర పట్టదు. మేం రాగి బోర్డు మీద గోళ్ళ రంగుతో గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి, మామిడి చెట్టు కింద పళ్ళెం ఊపుతూ కూర్చునేవాళ్ళం. చొక్కాల మీద ఆ పసుపు మరక ఏ సబ్బుకీ లొంగేది కాదు. ఇప్పుడు ఫైలు పంపితే చైనా నుంచి అయిదు బోర్డులు రెండు డాలర్లకే అంటారు. కొరియరు, కస్టమ్సు కలిపితే ఆ రెండు ఎంతవుతుందో వాళ్ళ నాన్నకి తెలుసు. ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలతో వాడి పేరు అచ్చై వచ్చింది. సర్క్యూట్ పని చెయ్యదు గానీ పేరు చెక్కుచెదరలేదు.

అయితే ఒక మాట ఒప్పుకోక తప్పదు. మా రోజుల్లో ఆసిలోస్కోప్ అన్నది కాలేజీ ల్యాబులో తాళం వేసి ఉండే వస్తువు. సర్క్యూట్ లోపల అల ఎలా ఉంటుందో మేం చూడలేదు, చెవితో ఊహించాం. ఇవాళ పాత కంప్యూటర్ ఉన్న ఏ పల్లెటూరి పిల్లాడైనా ఎక్కడ కావాలంటే అక్కడ మౌసు పెట్టి అల చూడొచ్చు. అది చిన్న వరం కాదు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు అది దొరికి ఉంటే తిండి మానేసేవాణ్ణి.

రెండు విద్యలూ కలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాదు చూడండి. అక్కడ అష్హర్ ఫర్హాన్ అనే హామ్ రేడియో ఆయన 2003లో బిట్‌ఎక్స్ అని ఒక ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేశాడు. విదేశీ భాగాలు మన బజార్లలో దొరకవని తెలిసి, మామూలు ట్రాన్సిస్టర్లతోనే దాన్ని కుదిర్చాడు. కాయిల్ చుట్టడానికి అసలైన కోర్ లేకపోతే కుళాయిలో వేసే వాషర్ వాడుకోమన్నాడు. సర్క్యూట్ అందరికీ ఊరికే ఇచ్చాడు. దేశదేశాల హామ్‌లు దాన్ని ఇళ్ళల్లో కట్టుకున్నారు. మా కొట్టువాడు ఏమిచ్చినా దాంతో కట్టగలిగేలా గీశాడు చూడండి, దాన్నంటారు డిజైనని. కుళాయి వాషర్ ఏ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోనూ ఉండదు.

కాబట్టి మావాడికి తీర్పు చెప్పాను. ఈసిమ్ వేసుకో, కీక్యాడ్ వేసుకో, చిప్పు మోడల్ కావాలంటే ఎల్‌టీస్పైస్ వేసుకో, నాకు అన్నీ ఒకటే. ఇవాళ్టితో ఎంచుకోవడం ఆపు. కాకపోతే ఒక షరతు. ‘రన్’ నొక్కేముందు ప్రతిసారీ జవాబు ఎంత రావాలో కాయితం మీద రాసి నాకు చూపించు. నీ అంకె, యంత్రం అంకె దగ్గర పడితే బల్ల దగ్గరికి రా, సోల్డరింగ్ ఐరన్ నేనే వేడి చేసి ఉంచుతాను. దూరంగా ఉంటే ఇద్దరిలో ఎవరు తప్పో తేలేదాకా లేవకూడదు.

“ఇంట్లో కాయితం ఎక్కడుంది తాతా, ట్యాబులో రాస్తాను” అన్నాడు.

ట్యాబులోనే రాయనిచ్చాను. దారంతో కుట్టిన ఆ సంచికల వెనక అట్టల మీద మాత్రం చెయ్యి పడకూడదన్నాను.